కొండి

కొండమల్లేపల్లి చౌరస్తాల
నా ఆల్టోను యెనక దిక్కు జాకీ మీద లేపి
గౌసుద్దీన్ కిందికి దూరిండు.
బయటికి కాళ్లే కనబడుతున్నయి.
కాళ్లే అడిగినయి:
"పర్వతాలన్నా, ఎంత బరువు లాగాలె?"

తొంభై కిలోలు. ట్రాలీ కాక.

"పేరేమో పర్వతాలు, లాగేది గింతేనా!
ఖాళీగనా, నిండినంకనా?"

నిండినంక నేను లాగ గద భాయ్.
ఖాళీ ఫ్రీజర్ పెట్టె తీస్కపోత,
మర్నాడో మూడోనాడో ఖాళీ పెట్టెనే తెచ్చుకుంట.
నడుమ ఏం నిండిందో, ఎట్ల ఖాళీ అయిందో
రోడ్డుకు తెల్వదు.

కాళ్లు కొంచెం సేపు కదల్లే.

బంపరుకు బిగిస్తే బంపరే ఊడొస్తదన్నడు,
అది మొఖానికి పౌడరు అసుంటిది,
బొక్క లోపలుంటది.
సుత్తెతోని తట్టి తట్టి, చెవి పెట్టి
ఇనుము యాడ గట్టిగ పలుకుతదో ఇన్నడు.
కుడి దిక్కు ఖంగుమన్నది.
ఎడమ దిక్కు తుప్పు, దగ్గినట్టు మోగింది.
అటు దిక్కు లోపల ఆరు మిల్లీల ప్లేటు ఏసిండు.
కారుకు వెల్డింగు పెట్టడట,
కాలిన ఇనుము పెళుసైతదట, బోల్టే నమ్మకమట.
దిక్కుకు మూడు బోల్టులు, స్ప్రింగు వాషర్లు,
నడుమ చిన్న బత్తాయంత ఇనుప గుండు.

ఇన్నేండ్లు బొలెరోకు ఆరొందలు పోసిన,
పెట్టె కిరాయిల సగం దానికే.
ఓసారి కారు టాపు మీదనే కట్టిన.
గీతలు పడ్డయి.
మా మేఘన ఆ సోమారం
బడికి రెండు గల్లీల ముందే దించమన్నది.
ఎందుకని నేనడగలే.
తను చెప్పలే.

అందుకే గౌస్‌కు ఒక్కటే చెప్పిన:
తగిలిచ్చుడు కష్టమైనా సరే,
ఇడిపిచ్చుడు అలకగుండాలె.

పిన్ను గుంజి లివరు లేపితే
ట్రాలీ రైసుమిల్లు యెనక రేకుల కింద,
కారు మా వాకిట్ల.

"అరవై దాటకు. దిగుడుల బ్రేకు మీద నిలబడకు.
బరువు ముందటికి జర ఎక్కువ పెట్టు,
యెనక్కి పోతే బండి తోక ఊపుతది.
గొలుసు మర్వకు."
మరి ఆర్టీవోళ్లు ఆపితే?
"ఆ పెట్టె చూసినంక ఎవడాపుతడన్నా!"

ఇంటికి తెస్తే మేఘన చుట్టూ తిరిగి చూసింది.
కారుకు తేలు కొండి మొలిచిందన్నది.
కుట్టదు బిడ్డా, పట్టుకుంటది, అంతే.
పాత టెన్నిస్ బంతి కోసి
గుండుకు టోపీ తొడిగింది,
తన లంగకు గ్రీజు అంటకుండ.

నాలుగో రాత్రి పదకొండింటికి ఫోన్.
గుర్రంపోడు అవుతల ఓ ఊరు.
బంతి తీసి డాష్‌బోర్డు మీద పెట్టిన.
అరవై దాటలే.
అద్దంల పెట్టె నా యెంటే వస్తున్నది,
దగ్గరికి రాదు, ఎనకబడదు.

గల్లీ సన్నం. రివర్సు.
స్టీరింగు ఎడమకు తిప్పితే ట్రాలీ కుడికి,
కుడికి తిప్పితే ఎడమకు.
గౌస్ గిదొక్కటి చెప్పలే,
పైసలు లెక్కపెట్టుకుంట మర్చినట్టుండు.
రెండుసార్లు గోడ దాక పోయి ఆగిన.
ఇంట్ల ఏడుపు. ఎవర్ని పిలుస్త?

అప్పుడొచ్చిండు ఓ పిలగాడు,
ఇరవై ఏండ్లుంటయో లేవో,
లుంగీ మీద, కండ్లు ఉబ్బి.
వచ్చి ట్రాలీ యెనక నిలబడ్డడు.
సెల్లు లైటు గోడకు కొట్టిండు, చెయ్యి లేపిండు.

"రానీ... రానీ...
జర ఎడమకు కొట్టన్నా... ఆ... రానీ..."

గొంతు యాడా వణకలే.
మోరి తప్పిచ్చిండు, అరుగు తప్పిచ్చిండు,
ఎవరివో చెప్పులు కాలితోని పక్కకు జరిపిండు.
రానీ. రానీ.
గడప ముందు జానెడు జాగ ఉండంగ
"చాలు" అన్నడు.

ఇంజను బందు చేసిన.
చాలన్నంక గూడ
ఆ పిలగాడు చెయ్యి దించలే.